తీర్పు వచ్చిందట... మాకు వర్తిస్తుందా?

ఈసారి వచ్చిన ప్రశ్నలు వేరువేరు గానీ, అన్నిట్లోనూ వినిపించిన మాట ఒకటే: "సుప్రీంకోర్టు చెప్పిందట కదా!" చెప్పిన మాట నిజమే. కానీ టీవీ కింద పరిగెత్తే ఒక్క లైన్లో తీర్పు పట్టదు. ఏ తేదీ నుంచి వర్తిస్తుంది, ఏ కాగితం ఉంటే వర్తిస్తుంది, ఏది ఉంటే వర్తించదు అన్నవి తీర్పు లోపల ఉంటాయి. మనుషులు నష్టపోయేది కూడా అక్కడే. అందుకే ప్రతి జవాబులో తీర్పు తేదీ ఇస్తున్నాం. ఆ తేదీ చెబితే మీ వకీలు పూర్తి పాఠం వెతికి తీయగలరు.

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 6 ఎకరాల పిత్రార్జితం. నా పెళ్లి 1983లో అయింది. నాన్న 1998లో పోయారు. అమ్మ ఉంది. అన్నలిద్దరూ 2000లో పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచేసుకున్నామంటున్నారు. "నీ పెళ్లి ఎన్టీఆర్ చట్టానికి ముందే అయింది, నాన్న కూడా 2005కి ముందే పోయారు, నీకేమీ రాదు" అంటున్నారు. నిజమేనా?

మీ అన్నలు చెబుతున్న రెండు కారణాలూ ఇవాళ నిలవవమ్మా. అడ్డం వచ్చేది ఏదైనా ఉంటే అది మూడోది, ఆ పంపకం.

ఎన్టీఆర్ హయాంలో వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. ఆ రోజుకు పెళ్లి కాని ఆడపిల్లలకే అది ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణలో పెళ్లి ఊసే లేదు. అయితే ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా అన్న దానిపై 2015లో ఒక రకంగా, 2018లో ఇంకో రకంగా తీర్పులొచ్చి గందరగోళమైంది. 2020 ఆగస్టు 11న ముగ్గురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం దాన్ని తేల్చేసింది. కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది, తండ్రి ఎప్పుడు పోయారన్న దానితో పని లేదు అని.

ఇక పంపకం. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పారీఖత్తు (పంపకం పత్రం) గానీ, కోర్టు డిక్రీ గానీ ఉంటే దాన్ని ఇప్పుడు తిరగదోడలేరు. అప్పటికే అమ్మేసిన పొలమూ తిరిగి రాదు. "నోటిమాటగా పంచుకున్నాం" అనే వాదనను మాత్రం మామూలుగా ఒప్పుకోకూడదని అదే తీర్పు గట్టిగా చెప్పింది. ఆడపిల్లల వాటా ఎగ్గొట్టడానికి ఇది తేలిగ్గా దొరికే సాకు అని కోర్టుకు తెలుసు. ఒక్క మినహాయింపు ఉంది. ఆ పంపకం అప్పటి ప్రభుత్వ రికార్డుల్లోనే స్పష్టంగా కనబడితే అరుదుగా ఒప్పుకోవచ్చు. కాబట్టి మీరు మొదట చూడవలసింది 2000 నుంచి 2004 వరకు అడంగల్, 1బి రికార్డు. సర్వే నంబర్లు అన్నల పేర విడివిడిగా ఎక్కాయా? వేరువేరు పాసు పుస్తకాలు వచ్చాయా? ఎక్కకపోతే మీ కేసు బలంగా ఉన్నట్టే. ఎక్కి ఉంటే పోరాటం తప్పదు, కానీ దావా అంతటితో పోయినట్టు కాదు.

లెక్క ఇలా ఉంటుంది. నాన్న, ఇద్దరు కొడుకులు, మీరు కలిపి నాలుగు వాటాలు, తలా ఎకరంన్నర. నాన్న వాటా ఎకరంన్నర, అంటే 150 సెంట్లు, వీలునామా లేకపోతే అమ్మకూ ముగ్గురు పిల్లలకూ సమానంగా తలా 37.5 సెంట్లు. మీకు మొత్తం ఎకరం 87.5 సెంట్లు, అమ్మకు 37.5 సెంట్లు. ఆ భూమి పిత్రార్జితం కాక నాన్న స్వార్జితమై, వీలునామా లేకపోతే లెక్క ఇంకా సులువు. అమ్మ, ముగ్గురు పిల్లలు తలా ఎకరంన్నర. ఇది 1956 నుంచీ ఉన్న చట్టమే, కొత్త తీర్పేమీ అక్కర్లేదు.

చేయవలసిన పని: 1983 నుంచి ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. నాన్నగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెచ్చుకోండి. అన్నలకు లాయరు నోటీసు ఇప్పించి, భూమి ఉన్న పరిధిలోని సివిల్ కోర్టులో పంపకం దావా వేయండి. దావాతో పాటే భూమి అమ్మకుండా ఇంజంక్షన్ అడగాలి. చాలామంది దాన్ని తర్వాతకు వదిలేస్తారు, ఈలోగా భూమి మూడో మనిషి చేతికి పోతుంది. దావా పత్రంలో ఒక వాక్యం విషయంలో జాగ్రత్త. మీకూ ఉమ్మడి స్వాధీనం ఉందని చెప్పుకోగలిగితే కోర్టు ఫీజు నామమాత్రం. "నన్ను పూర్తిగా వెళ్లగొట్టారు" అని మీరే రాస్తే ఫీజు మీ వాటా మార్కెట్ విలువ మీద పడుతుంది. పైగా ఉమ్మడి ఆస్తి నుంచి తప్పించిన సంగతి మీకు తెలిసిన నాటి నుంచి 12 ఏళ్ల గడువు లెక్క మొదలవుతుంది. ఆ తేదీ ఏదో వకీలుతో కూర్చుని ముందే తేల్చుకోండి. "పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదా, ఇక్కడ సంతకం పెట్టు" అని ఎప్పుడైనా రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు విడుదల పత్రం మీద వేలిముద్ర వేయించుకున్నారేమో కూడా గుర్తు చేసుకోండి. ఈసీలో అది కనబడుతుంది. అలాంటిది ఉంటే ముందు దాని సంగతి తేలాలి.

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. కరీంనగర్‌లో ఉన్న ఒక్క ఇల్లు 2019లో మా అబ్బాయి పేర గిఫ్ట్ డీడ్ చేశాను. ఏడాదిగా అన్నం కూడా సరిగ్గా పెట్టడం లేదు. డీడ్‌లో షరతులేమీ రాయలేదు. రద్దవుతుందా?

దారి ఉంది. కానీ మీ కాగితాలు ఏం చెబుతాయన్న దాని మీద ఆధారపడుతుంది.

2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ మీలాంటి వారి కోసమే. చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, వాళ్లు చూసుకోకపోతే, ఆ బదిలీని మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టు భావించి ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. చిక్కంతా "షరతు మీద" అన్న మాట దగ్గరే ఉంది. 2022 డిసెంబరు 6న సుప్రీంకోర్టు ఆ షరతు ఉందని చెప్పి, రుజువు చేయాలంది. అది లేక ఎందరో పెద్దవాళ్ల దరఖాస్తులు వీగిపోయాయి. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్ తల్లి ఒకరి కేసులో కోర్టు కొంత ఉదారంగా చూసింది. అక్కడ కొడుకు చూసుకుంటానని విడిగా ఒక హామీ పత్రం రాసిచ్చాడు. ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం, దాన్ని ఆ దృష్టితోనే చదవాలి అని కోర్టు గిఫ్ట్‌ను రద్దు చేసింది. ఇల్లు తిరిగి స్వాధీనం చేయించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని తేల్చింది.

కాబట్టి మీరు వెతకవలసింది ఆ రెండో కాగితాన్ని. ఆ రోజుల్లో కుటుంబంలో రాసుకున్న ఒప్పంద పత్రం, అబ్బాయి పంపిన వాట్సాప్ మెసేజ్, డీడ్‌లోనే "నన్ను పోషిస్తున్నందున" లాంటి అర వాక్యం ఉన్నా పనికొస్తుంది. డీడ్ సర్టిఫైడ్ కాపీ తీయించి ప్రతి పేజీ నిదానంగా చదివించుకోండి. దస్తావేజు రాసేవాళ్లు అలవాటుగా అలాంటి మాట చేర్చడం, రాయించుకున్నవాళ్లు దాన్ని మరిచిపోవడం మామూలే.

దరఖాస్తు ఆర్డీఓ కార్యాలయంలో ఇవ్వాలి. ట్రిబ్యునల్ అధికారి ఆయనే. మీరే స్వయంగా వేసుకోవచ్చు. డీడ్ నకలు, ఈసీ, వయసు రుజువు, మందుల బిల్లులు, ఏ నెల నుంచి చూడటం మానేశారో తేదీలతో ఒక పేజీ జత చేయండి. అదే దరఖాస్తులో నెలవారీ భరణం కూడా అడగండి. డీడ్ రద్దు కాకపోయినా అది రావచ్చు. ఆర్డీఓ ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే 60 రోజుల్లో కలెక్టరు దగ్గర అప్పీలు.

ఇంకా రాయని వాళ్లకు మా సలహా ఒకటే. బతికుండగా ఇల్లు దాటిపోయే గిఫ్ట్ కన్నా వీలునామా మేలు. వీలునామా రేపు మార్చుకోవచ్చు, గిఫ్ట్ మార్చలేరు. తప్పనిసరై గిఫ్టే రాస్తే ఈ వాక్యం డీడ్‌లో ఉండి తీరాలి: "దాత జీవించి ఉన్నంత కాలం ఈ ఇంటిలోనే నివసించే హక్కు దాతకు ఉండును, దాతకు భోజనం, వైద్యం, కనీస ఖర్చులు సమకూర్చు షరతుపై ఈ ఆస్తి ఇవ్వడమైనది, షరతు తప్పినచో 2007 చట్టం సెక్షన్ 23 ప్రకారం ఈ దస్తావేజు రద్దు చేయించుకొను హక్కు దాతకు కలదు." ఇది రాయమంటే ముఖం మాడ్చుకునే కొడుకు ఉంటే, రాయక ముందే తెలియడం మంచిది.

ప్రశ్న: విజయవాడ వన్‌టౌన్‌లో వ్యాపారం. తెలిసినాయనకు 4 లక్షలు అప్పిచ్చి, సంతకం చేసిన ఖాళీ చెక్కు తీసుకున్నాను. తర్వాత ఆయన ఫోన్‌పేలో లక్ష పంపాడు. మిగతాది ఇవ్వడం లేదు. చెక్కు మీద 4 లక్షలు రాసి బ్యాంకులో వేయవచ్చా?

వేయకండి. వేస్తే కేసు మీ చేతులారా పోగొట్టుకున్నట్టే.

ఖాళీ చెక్కు తీసుకోవడం తప్పేమీ కాదు. సంతకం చేసి ఇచ్చిన చెక్కులో వివరాలు ఎవరు నింపినా అప్పు ఉందన్న చట్టపరమైన ఊహ నిలుస్తుందని 2019 ఫిబ్రవరి 6 తీర్పు ఉంది. కానీ 2022 అక్టోబరు 11 తీర్పు ప్రకారం, చెక్కు ఇచ్చాక కొంత సొమ్ము ముట్టి ఉంటే, బ్యాంకులో వేసే రోజుకు నిజంగా రావలసింది ఎంతో అంతే చెక్కులో ఉండాలి. పూర్తి మొత్తానికి వేస్తే 138 సెక్షన్ కింద చెక్కు బౌన్స్ నేరమే కాదు. మీకు రావలసింది 3 లక్షలు. అసలు మొత్తం రాసి ఉన్న చెక్కయితే దాని మీద "1,00,000 ముట్టినది" అని రాసి మిగతాకే వేయాలి. మీది ఖాళీ చెక్కే కాబట్టి 3 లక్షలే రాయండి. చెక్కు మీద వేసిన తేదీ నుంచి 3 నెలల్లో బ్యాంకులో పడాలి.

చెక్కు తిరిగొస్తే రోజుల లెక్క తప్పకూడదు. రిటర్న్ మెమో జూన్ 5న మీ చేతికొస్తే, నోటీసు జూలై 5 లోగా పంపాలి. ఆయనకు అది జూలై 10న అందితే 25 వరకు గడువు ఇవ్వాలి. 26 నుంచి మీకు కేసు వేసే హక్కు, ఆగస్టు 26 లోగా కోర్టులో ఫిర్యాదు పడాలి. గడువు కన్నా ముందే కేసు వేసేవాళ్లు కూడా ఉంటారు. 15 రోజులు నిండకుండా వేసిన ఫిర్యాదు చెల్లదు. పోస్టు ట్రాకింగ్ ప్రింటు తీసి పెట్టుకోండి, అందిన తేదీకి అదే రుజువు.

నోటీసులో అంకె చూసుకోండి. 2025 సెప్టెంబరు 19 తీర్పులో ఒక కంపెనీ కోటి రూపాయల చెక్కుకు నోటీసులో 2 కోట్లు అని రాసింది. టైపింగ్ పొరపాటు అని ఎంత మొత్తుకున్నా కోర్టు వినలేదు, కేసే పోయింది. చెక్కు మొత్తం విడిగా, వడ్డీ, ఖర్చులు అడిగితే అవి విడిగా రాయాలి. కలిపి ఒకే మొత్తంగా రాయకూడదు.

అదే నెల 25న సుప్రీంకోర్టు చెక్కు కేసులన్నిటికీ కొత్త మార్గదర్శకాలిచ్చింది. సమన్లు మీరే తీసుకెళ్లి అందజేయవచ్చు, ఫోన్, మెయిల్ వివరాలు ఫిర్యాదుతోనే ఇవ్వాలి. రాజీ పడేవాళ్లకు ఖర్చుల లెక్క కూడా మారింది. నిందితుడు తన వైపు సాక్ష్యం మొదలుకాక ముందే కట్టేస్తే అదనపు ఖర్చేమీ లేదు. ఆ తర్వాత, కింది కోర్టు తీర్పుకు ముందయితే చెక్కు మొత్తంలో 5 శాతం. సెషన్స్ లేదా హైకోర్టులో 7.5 శాతం, సుప్రీంకోర్టులో 10 శాతం. మీ 3 లక్షల మీద అది వరుసగా 15,000, 22,500, 30,000. ఈ లెక్క అవతలాయనకు ముందే చూపించండి. ఆలస్యం చేస్తే తనకే ఖర్చని తెలిస్తే చాలామంది దిగివస్తారు. అప్పు 20,000 దాటి నగదుగా ఇచ్చారు కాబట్టి చెల్లదనే వాదననూ ఇదే తీర్పు కొట్టేసింది. ఆదాయపు పన్ను వాళ్లతో వచ్చే తంటా మాత్రం వేరే.

ప్రశ్న: సూర్యాపేట దగ్గర రోడ్డు ప్రమాదంలో నా భర్త చనిపోయారు. వయసు 34, ప్రైవేటు ఉద్యోగం, నెలకు 15,000. నేను, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ ఆయన మీదే ఆధారపడ్డాం. ఇన్సూరెన్సు వైపు నుంచి 12 లక్షలకు రాజీ అంటున్నారు. ఒప్పుకోవాలా? గుద్దిన టాటా ఏస్ డ్రైవరుకు మామూలు కారు లైసెన్సే ఉందట, అందుకే అది కూడా ఎక్కువంటున్నారు.

సంతకం పెట్టకండమ్మా. ముందు ఈ లెక్క చూడండి. దీనికి సూత్రం 2009లోనూ, 2017 అక్టోబరు 31న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనంలోనూ సుప్రీంకోర్టే ఇచ్చింది. ఎవరి దయాదాక్షిణ్యం మీదా ఉండేది కాదు.

నెల ఆదాయం 15,000. భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద, 40 ఏళ్ల లోపు, పర్మనెంటు కాని ప్రైవేటు ఉద్యోగికి 40 శాతం కలపాలి. 21,000 అయింది. ఇందులో ఆయన సొంత ఖర్చు తీసేయాలి. ఆధారపడినవాళ్లు 2, 3 మంది అయితే మూడో వంతు, 4 నుంచి 6 మంది అయితే నాలుగో వంతు. మీరు నలుగురు, కాబట్టి నాలుగో వంతు పోగా 15,750. ఏడాదికి 1,89,000. దీన్ని వయసును బట్టి ఇచ్చిన అంకెతో హెచ్చించాలి. 31 నుంచి 35 ఏళ్లకు అది 16. మొత్తం 30,24,000. దీనికి తోడు సాహచర్యం కోల్పోయినందుకు భార్యకు, ఒక్కో బిడ్డకు, తల్లికి విడివిడిగా ఇస్తారు. 2017లో అది 40,000, మూడేళ్లకోసారి 10 శాతం పెంచుతూ 48,400 అయింది. నలుగురికి 1,93,600. అంత్యక్రియలకు, ఎస్టేటు నష్టానికి చెరో 18,150. అన్నీ కలిపితే 32,53,900. దీని మీద పిటిషను వేసిన నాటి నుంచి వడ్డీ.

ఈ లెక్క ఎక్కడ కుంగిపోతుందంటే ఆదాయం రుజువు దగ్గర. జీతం చేతికిచ్చేవారు, స్లిప్పు లేదు అంటే ట్రిబ్యునల్ కనీస వేతనాల చుట్టూ ఏదో ఒక అంకె ఊహించుకుంటుంది. నెలకు 15,000 కాస్తా 10,000 అయితే 30 లక్షల దగ్గర మొత్తం 20 లక్షలకు పడిపోతుంది. బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ వివరాలు, యజమాని ధ్రువపత్రం ఇప్పుడే సేకరించండి. ఆ యజమాని కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పేలా మాట్లాడుకోండి. వయసుకు పదో తరగతి మెమో చూపండి. ఆధార్‌లో రెండేళ్లు ఎక్కువ పడి 36 అని చదివితే హెచ్చించే అంకె 16 నుంచి 15కు దిగుతుంది, ఒక్క అంకెకు 1,89,000 తేడా. అలాగే తప్పు ఎవరిదన్నది ఎఫ్ఐఆర్, పంచనామా, ఛార్జిషీటు మీద నడుస్తుంది. వాటిలో మీ వారిదే తప్పన్నట్టు రాసి ఉంటే ఇప్పుడే ప్రత్యక్ష సాక్షిని వెతకండి.

లైసెన్సు మాట వదిలేయండి. లైట్ మోటారు వెహికల్ లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు మొత్తం బరువున్న రవాణా వాహనం నడపవచ్చని 2024 నవంబరు 6న ఐదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. ఆర్‌సీలో ఆ బండి మొత్తం బరువు చూడండి. టాటా ఏస్ దానికి చాలా తక్కువ.

గడువు సంగతి మరిచిపోవద్దు. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో పిటిషను వేయాలని చట్టంలో ఉంది. దాని చెల్లుబాటు మీద కేసు నడుస్తుండగా, గడువు దాటిందని పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతరంగా చెప్పింది. మధ్యంతరం మధ్యంతరమే, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. ప్రమాదం ఎక్కడ జరిగినా, మీరు ఉంటున్న ఊరి పరిధిలోని ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు.

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో ప్లాటు కొన్నాను. అగ్రిమెంట్ కమ్ జీపీఏ (అమ్మకపు ఒప్పందం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కలిపిన పత్రం) రిజిస్టరైంది. రిజిస్ట్రేషన్ అయిందంటే నేను ఓనర్ని అయినట్టే కదా?

కాదు. జీపీఏతో, అమ్మకపు ఒప్పందంతో స్థిరాస్తి హక్కు బదిలీ కాదని 2011 అక్టోబరు 11నే సుప్రీంకోర్టు చెప్పింది. హక్కు సేల్ డీడ్‌తోనే వస్తుంది. 2025 మే 7 తీర్పు మన రాయదుర్గం భూములదే. 1982 నాటి రిజిస్టరు కాని ఒప్పందం మూలంగా చేతులు మారిన భూమి. మూలపత్రమే హక్కు ఇవ్వనిదైతే, తర్వాత దాన్ని క్రమబద్ధం చేయించుకున్నా, దాని మీద ఎన్ని డీడ్లు రిజిస్టరైనా హక్కు పుట్టదని కోర్టు అంది. అంతకు నెల ముందే, 2025 ఏప్రిల్ 7న, తమిళనాడు రూలు ఒకదాన్ని కొట్టేస్తూ, అమ్మేవాడికి హక్కు ఉందా లేదా తేల్చడం సబ్ రిజిస్ట్రారు పని కాదని చెప్పింది. రెండూ కలిపి చదవండి. సబ్ రిజిస్ట్రారు ముద్ర పడిందంటే కాగితం నమోదైందని మాత్రమే, హక్కు ఎవరూ పరీక్షించలేదన్నమాట. ఆ పరీక్ష మీరే చేయించుకోవాలి. కనీసం 30 ఏళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లన్నీ, రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందా అన్నది చూడాలి.

అమ్మినాయన బతికి ఉండగానే సేల్ డీడ్ చేయించుకోండి. ఆయన పోతే జీపీఏ నిలుస్తుందా లేదా అన్న తగాదా మొదలవుతుంది. ఇంతకు ముందు కట్టిన స్టాంపు డ్యూటీ ఎంతవరకు సర్దుబాటవుతుందో ఆఫీసులో ముందే అడగండి. ఆయన రాయనని మొండికేస్తే, ఒప్పందంలోని గడువు నుంచి, గడువు లేకపోతే ఆయన కాదన్నట్టు మీకు తెలిసిన రోజు నుంచి మూడేళ్లలో దావా వేయాలి.

ప్రశ్న: పాలమూరు నుంచి ముంబైకి పనికి వెళ్లిన మా తమ్ముడిని పోలీసులు అరెస్టు చేశారు. మరాఠీలో ఏదో కాగితం మీద సంతకం తీసుకున్నారట. వాడికి తెలుగు తప్ప రాదు.

2025 నవంబరు 6 తర్వాత జరిగిన అరెస్టయితే ఇది చాలా పెద్ద విషయం. ఆ రోజు ముంబై కేసులోనే సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, ఏ నేరమైనా సరే, అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా, అతనికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అప్పటికప్పుడు కుదరకపోతే నోటితో చెప్పి, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందు కాగితం చేతికివ్వాలి. అలా చేయకపోతే అరెస్టూ చెల్లదు, రిమాండూ చెల్లదు.

అక్కడి వకీలుతో రిమాండు వేళే ఈ మాట లేవనెత్తించండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, కోర్టు ఆవరణలోనే వాళ్ల కార్యాలయం ఉంటుంది. తమ్ముడికి మరాఠీ, హిందీ రావని చూపడానికి తెలుగు మీడియం స్కూలు సర్టిఫికెట్ పంపండి. ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి. ఈ కారణంతో విడుదలైతే కేసు పోయినట్టు కాదు. పోలీసులు సరైన కాగితంతో మళ్లీ కస్టడీ కోరవచ్చు, దాన్ని మేజిస్ట్రేటు వీలైతే వారంలో తేల్చాలి. ఆ వారంలో బెయిలు కాగితాలు సిద్ధం చేసుకోవాలి.

ప్రశ్న: పాతబస్తీ నుంచి రాస్తున్నాను. నా భర్త తలాక్ ఇచ్చి ఇద్దత్ (విడాకుల తర్వాత వేచి ఉండే గడువు) వరకే ఖర్చు ఇస్తానంటున్నారు. అంతేనా?

అంతే కాదు బేటీ. 2024 జూలై 10న తెలంగాణ కేసులోనే సుప్రీంకోర్టు, విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా సీఆర్‌పీసీ 125 సెక్షన్ కింద భరణం కోరవచ్చని తేల్చింది. విడాకులు పొందిన ముస్లిం మహిళల కోసం చేసిన 1986 చట్టం ఆ దారిని మూయలేదని చెప్పింది. ఆ కేసులో ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 అంటే హైకోర్టు 10,000 చేసింది. సుప్రీంకోర్టు భర్త అప్పీలును కొట్టేసింది. ఇప్పుడు ఆ సెక్షన్ కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144. మీరు ఉంటున్న చోటి ఫ్యామిలీ కోర్టులో వేయండి. ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్ దాఖలు చేయాలని 2020 నవంబరు 4 తీర్పు ఉంది. అందులో ఆయన అద్దె ఆదాయం, బండ్లు, దుకాణం దాచితే మీరు చెప్పగలిగేలా ఫొటోలు, నంబర్లు రాసి ఉంచుకోండి. భరణం దరఖాస్తు తేదీ నుంచే లెక్క. అందుకని ఆలస్యం చేసిన ప్రతి నెలా మీకే నష్టం.

ప్రశ్న: చెరువు పక్క కాలనీలో ఇల్లు. హైడ్రా వాళ్లు కొలతలు వేసుకుపోయారు. 15 రోజుల నోటీసు లేకుండా కూల్చకూడదని తీర్పు ఉంది కదా?

ఉంది, 2024 నవంబరు 13 నాటిది. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు, ఇంటికి అతికించడం, 15 రోజుల గడువు, స్వయంగా వినడం, కారణాలతో ఉత్తర్వు, ఆ తర్వాత మళ్లీ 15 రోజులు. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైను పక్క, నది, చెరువు లాంటి చోట్ల ఉన్న అక్రమ కట్టడాలకు ఈ రక్షణ వర్తించదని అదే తీర్పులో రాసి ఉంది. మీరు తేల్చుకోవలసింది ఒక్కటే, మీ ఇల్లు చెరువు పూర్తి నీటిమట్టం గీత లోపలా, బయటా అని.

హెచ్‌ఎండీఏ నుంచి ఆ చెరువు మ్యాపు నకలు తీసుకోండి. తుది నోటిఫికేషన్ అయిందా, ప్రాథమిక దశలోనే ఉందా చూడండి. ప్రాథమికమే అయితే అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంటి అనుమతి ప్లాను, పన్ను రసీదులు, కరెంటు మీటరు తేదీ ఒక ఫైలులో పెట్టుకోండి. అమీన్‌పూర్‌లో ఆదివారం నాడు జరిగిన కూల్చివేతపై 2024 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు అధికారులను నిలదీసింది. కాబట్టి హైకోర్టు వింటుంది. అయితే రిట్ వేసే పని బుల్డోజరు వచ్చిన పొద్దున కాదు, కొలతలు వేసుకుపోయిన ఈ వారంలోనే చేయాలి.